నల్ల సాస్ సీసా

కాలిఫోర్నియాలో సన్నీవేల్ ఆఫీసులో చేరిన కొత్తలో నాకు ఫో అంటే పిచ్చి. వేడివేడి పులుసు, అందులో బియ్యపు నూడుల్స్. వియత్నాం దక్షిణాది పద్ధతి హోటళ్లలో గిన్నె పక్కనే ఆకులు, మొలకలు, నిమ్మచెక్క, మిరప ముక్కలు, సాస్ సీసాలు పెడతారు. నేను అన్నీ గిన్నెలో గుమ్మరించి పప్పన్నంలా కలిపేసేదాన్ని. కలుపుకోకుండా తినడం మా ఇంటా వంటా లేదు మరి.

మా టీమ్‌లో ఒకతనిది దక్షిణ వియత్నాంలోని సైగాన్ కుటుంబం. "ఉత్తరాది ఫో వేరు, చూద్దువుగాని రా" అంటూ ఒక శుక్రవారం మమ్మల్నందరినీ ఒక చిన్న హోటల్‌కి తీసుకెళ్లాడు. అక్కడ ఆకులూ లేవు, మొలకలూ లేవు. బల్ల మీద వెల్లుల్లి, మిరప ముక్కలు నానేసిన వెనిగర్ మాత్రం ఉంది. వంటా వడ్డనా ఉత్తరాన హనోయి నుంచి వచ్చిన ఒక పెద్దావిడదే. నేను చికెన్ ఫో చెప్పి, తియ్యటి నల్ల సాస్ కావాలన్నాను. ఆవిడ మొహం ముడుచుకునే సీసా తెచ్చి పెట్టింది. గిన్నె రాగానే అలవాటుగా ఒక చుట్టు తిప్పి పోశాను.

అంతే, ఆవిడ గిన్నె లాక్కుని లోపలికి వెళ్లిపోయింది! వెళ్తూ వెళ్తూ తన భాషలో ఏదో అంది.

"రుచైనా చూడనిదానికి నేను వండడం దేనికి, అంటోంది" అన్నాడు మా టీమ్ అతను, నవ్వు ఆపుకుంటూ.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ కొత్త గిన్నె తెచ్చిచ్చి, నేను మొదటి చెంచా తాగేదాకా కదల్లేదు. సీసా మాత్రం తీసుకుపోయింది. ఇంటికొచ్చాక గుర్తొచ్చింది, చారు నోట పెట్టకుండా ఉప్పు అడిగితే మా అమ్మ రెండు రోజులు మాట్లాడేది కాదు. తప్పు నాదేనని తెలిసి ఇంకా ఉడుక్కున్నాను. ఆ సీసా ఆవిడ చేతే మళ్లీ నా ముందు పెట్టించుకోవాలని పంతం పట్టాను.

ప్రతి శుక్రవారం వెళ్లాను. ముందు ఆవిరి వాసన చూడ్డం, తర్వాత ఉత్త పులుసు రెండు చెంచాలు, నూడుల్స్ మెత్తబడకముందే తినెయ్యడం, వెనిగర్ నాలుగు చుక్కలు. అన్నీ నేర్చుకున్నాను. పులుసులో అల్లం, ఉల్లిపాయలు నిప్పు మీద కాల్చి వేస్తారనీ తెలుసుకున్నాను. ఆవిడ చూసేది, మొహంలో మాత్రం ఏమీ కనిపించనిచ్చేది కాదు.

ఆరు నెలలకి మళ్లీ టీమంతా వెళ్లాం. మొదటి చెంచాకే ఆగిపోయాను. వంకాయ కాల్చి పచ్చడి నూరే ఇంట్లో పెరిగినదాన్ని, కాలిన వాసన లేకపోతే నా ముక్కు ఇట్టే పసిగట్టేస్తుంది.

"ఆంటీ, ఇవాళ అల్లం కాల్చలేదా?" అనేశాను.

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ఒక్కసారిగా పకపకా నవ్వింది. ఆవిడ గబగబా చెప్పిందంతా మా టీమ్ అతను ఇంగ్లీషులో చెప్పాడు. పొద్దున అవి కాల్చే బర్నర్ పాడైందట. అల్లం, ఉల్లిపాయలు పచ్చివే వేసేసిందట. ఇంతమంది తిని వెళ్లారు, ఒక్కరూ కనిపెట్టలేదట!

ఆవిడ లోపలికి వెళ్లి నల్ల సాస్ సీసా తెచ్చి, నా ముందు ఠక్కున పెట్టింది. "నీ ఇష్టమట, ఎంతైనా పోసుకోమంటోంది" అన్నాడు మావాడు. ఈసారి అతను నవ్వలేదు.

నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను. సీసా అందుకుని, మొదటిరోజు లాగే ఒక చుట్టు తిప్పి పోశాను. గిన్నె నా ముందే ఉంది.