రామా అనాల్సిన సీసా

నాకు గిటార్ నేర్పినవాడు అమెరికావాడు. ఇలా చెబితే కాలనీలో నా కుర్చీ ముందు వరసలోకి జరుగుతుంది కాబట్టి చెబుతుంటాను. అసలు సంగతి, ఆయన నేను పుట్టకముందే పోయాడు. చూపు లేని మనిషి. వీధి మలుపుల్లో నిలబడి యేసు పాటలు పాడుకునేవాడట. మా అల్లుడు ఆయన పాత రికార్డు ఫోన్లో వినిపించాడు.

ఆ గొంతుకి మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది.

"ఎవరండీ, గులకరాళ్ళు నములుతున్నాడు? నా గలా కంటే ఖరాబ్‌గా ఉందే!"

నాకు నవ్వు రాలేదు. ఈ హిందీ ఊళ్ళో, దేవేంద్ర నగర్‌లో మా తెలుగువాళ్ళ శనివారం భజనకి ఆవిడే పెద్ద గొంతు. గొంతు ఆపరేషన్ తర్వాత చరణం చివరికొచ్చేసరికి గాలి తప్ప ఏమీ రావడం లేదు. నలుగురిలో నవ్వులపాలు కాలేనని మానేసింది.

"సరిగ్గా విను" అన్నాను. ఆయనా చివరి మాట పాడకుండా వదిలేస్తాడు. తీగల మీద ఏదో నున్నటిది జార్చి ఆ మాట గిటార్‌తో అనిపిస్తాడు, అచ్చం మనిషి మూలిగినట్టు. ఆవిడ మళ్ళీ పెట్టమంది. ఆ తర్వాత తనే పెట్టుకుంది.

"నువ్వు పాడు. నీ 'రామా' మూలపడున్న నా గిటార్ అంటుంది" అని మాటిచ్చేశాను.

వేలికి తొడిగి తీగల మీద జార్చడానికి సీసా కావాలి. పాత సామాన్ల కబాడీ బండి దగ్గర సీసాల్లో వేలు పెట్టి చూసుకుంటుంటే బండివాడు జాలిపడ్డాడు. "దాదా, సబ్ ఖాళీ హై." చివరికి ఆవిడ గొంతు మందు సీసాయే నా చిటికెన వేలికి సరిపోయింది.

వారం తిరక్కుండా విద్య పట్టేశాను. వారం కాదులెండి, ఎండాకాలమంతా. పట్టిందీ విద్య కాదు, ఆ ఒక్క 'రామా'. అదీ మొదట్లో 'రావా' అని పలికేది.

"ఎక్కడికి రమ్మంటున్నారు?" అనేది మా ఆవిడ.

భజన రోజు, హార్మోనియం వాయించే రిటైర్డు గార్డు నా వేలు చూశాడు. "ఏం బావా, దవాఖానా నుంచి సీదా వచ్చేశావా?"

అందరూ నవ్వారు. ఆవిడ కొంగు బిగించి మొదలుపెట్టింది. బొంగురుగానే, పాట నడిచింది. చరణం చివర ఆగి నావైపు చూసింది. చెమటకి సీసా జారి హార్మోనియం కిందికి దొర్లిపోయింది.

ఆవిడ ఊపిరి పీల్చుకుని తనే అంది, 'రామా' అని. సగం గాలి, సగం గరుకు. జనమంతా అందుకున్నారు.

"చెల్లెమ్మా, ఆ గరగరే మజా! బస్, ఇంకొక్కటి!" అన్నాడు గార్డు.

ఇంటికొస్తూ, "కావాలనే జార్చాను. నీ మీద నాకు భరోసా" అన్నాను.

"అలాగా? మరి హార్మోనియం కింద తలపెట్టి ఏం వెతికారు?"

తర్వాతి శనివారం నాకంటే ముందే చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. నేను గిటార్ అందుకోబోతే, నా చేతిలో భజన తాళాలు పెట్టింది.