ఎల్డెన్ ఇంకా తేల్చుకోలేదు

ఎల్డెన్ ప్రెస్కాట్‌కి ఉన్న రోగం ఒక్కటే. సర్వేవాళ్ళు ఫోను చేసి "ఓటు ఎవరికి వేస్తారు సార్?" అని అడిగితే, "ఇంకా తేల్చుకోలేదమ్మా" అంటాడు. నలభై ఏళ్ళుగా అదే మాట. న్యూ హాంప్‌షైర్‌లో అధ్యక్ష పదవికి పార్టీల అభ్యర్థుల్ని ఎంచే ప్రైమరీ ఎన్నికలు వచ్చాయి, పోయాయి. ఓడినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు, గెలిచినవాళ్ళు అంతకన్నా ముసలివాళ్ళయ్యారు. ఎల్డెన్ మాత్రం తేల్చుకోలేదు.

పక్కింటి థెల్మా డ్రూయిన్‌కి ఇది చూస్తే ఒళ్ళు మండేది. ఆమెకి ఎనభై ఒకటి. చదివింది ఐదో తరగతి, దాచుకున్న అభిప్రాయం ఒక్కటీ లేదు. సర్వే ఫోను వస్తే తన మనిషి పేరు చెప్పి, మిగతావాళ్ళు ఎందుకు పనికిరారో వరసగా చెప్పి, ఠక్కున పెట్టేసేది. అర నిమిషం పని.

ఎల్డెన్‌కి అర గంట పట్టేది. పైగా ఆ తీగలేని ఫోను చెవికి పెట్టుకుని, మంచులో నాలుగడుగులు వేసి, నేరుగా ఆమె వంటింట్లోకి వచ్చి కూర్చునేవాడు. ఎన్నిసార్లు కసిరినా అంతే.

"ఒకటి నుంచి పది దాకా ఎంత ఇష్టం అంటే... ఆరుంపావు వేసుకో తల్లీ."

"పావులు ఉండవు సార్. ఆరా, ఏడా?"

"ఆరంటే ఆ పెద్దమనిషి మనసు కష్టపెట్టుకుంటాడు. ఏడంటే నెత్తికెక్కుతుంది. నువ్వయితే ఎంత వేస్తావు?"

"నేను చెప్పకూడదు సార్. పోనీ, ఎటువైపు మొగ్గు?"

"మొగ్గంటే ఎంత వంగితే మొగ్గు?"

థెల్మా పొయ్యి దగ్గర గరిటె ఆపి అరిచేది. "ఆ పిల్లకి పెళ్ళీడు దాటిపోతోంది, తొందరగా తేల్చవయ్యా!"

"అది మా పక్కింటావిడ" అని ఎల్డెన్ ఫోనులో పరిచయం చేసేవాడు. "ఆవిడ అన్నీ తేల్చేసుకుంది."

ఆ అక్టోబరులో మాత్రం థెల్మా కూడా తేల్చుకోలేని సంగతి ఒకటి వచ్చిపడింది. మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆసుపత్రి నుంచి చేతికర్రతో తిరిగొచ్చిన రోజు మేనకోడలు కోలెట్ ఎదురుగా కూర్చుని కుండబద్దలు కొట్టింది.

"అత్తా, ప్రైమరీ రోజున వస్తాను. దారి మీద మంచు గడ్డకట్టి ఉన్నా, కట్టెల కొట్టం ఖాళీగా ఉన్నా, నిన్ను మా నాషువా పట్నంలో వృద్ధాశ్రమానికి తీసుకెళ్ళిపోతాను. గది చూసి ఉంచాను."

"నీ గది నువ్వే చూసుకో."

"ఎవరినైనా సాయం అడగొచ్చుగా?"

"డ్రూయిన్ ఇంట్లో ఎవరూ ఎవర్నీ ఏదీ అడగలేదు. మా ఆయన చచ్చిపోతూ కూడా మంచినీళ్ళు తానే లేచి తాగాడు."

ఊళ్ళో అందరికీ ఇది తెలుసు. అంతకు ముందు చలికాలం ఒకాయన పాపం మంచు తీయబోతే, ఆయన పార లాక్కుని రోడ్డు మీదికి విసిరింది.

డిసెంబరులో మంచు మొదలైంది. మూడో రోజు పొద్దున థెల్మా కిటికీ తెర తీసేసరికి, ఎర్ర టోపీ పిల్ల ఒకతి దారంతా శుభ్రంగా చెక్కి, మళ్ళీ గడ్డకట్టకుండా ఉప్పు కూడా చల్లుతోంది.

"ఎవరే నువ్వు?"

"అయ్యో, ఇది ఎల్డెన్ గారి ఇల్లు కాదా బామ్మగారూ? పొరపాటయింది!"

పోటీలో ఉన్న ప్రతి అభ్యర్థీ సొంతంగా సర్వే చేయించుకుంటాడు. తేల్చుకోలేదన్నవాళ్ళ పేర్లు ఒక జాబితాకెక్కుతాయి. మర్నాడే ఆ జాబితా పట్టుకుని వాళ్ళ మనుషులు తలుపు కొడతారు. ఎల్డెన్ పేరు అన్ని జాబితాల్లోనూ అన్నిటికన్నా పైన ఉంటుంది. కాబట్టి వాళ్ళు ఎల్డెన్ కోసం రావడంలో వింత లేదు. వింతేమిటంటే, ఒక్కరూ ఎల్డెన్ ఇంటికి సరిగ్గా చేరరు.

ఎర్ర టోపీ పిల్ల వెళ్ళిన మర్నాడు పచ్చ కోటు మనిషి వచ్చి అరబండి కట్టెలు పేర్చాడు. "ఎల్డెన్ గారి కొట్టం అనుకున్నానండీ!" ఆ మర్నాడు గడ్డం ఆయన వచ్చి మెట్ల మీద ఐసు కొట్టాడు. ఆయనదీ పొరపాటే. ఒక పొద్దున ముగ్గురూ ఒకేసారి పొరపాటుపడి, పారల కోసం ఒకరినొకరు తోసుకున్నారు. దారి ఎంత శుభ్రమైందంటే కింద గడ్డి బయటపడింది. జనవరిలో పచ్చగడ్డి చూసి పక్కవీధి కుక్క ఒకటి అక్కడే కాపురం పెట్టింది.

థెల్మా గుమ్మంలో నిలబడి నోరారా తిట్టేది. "ఇంటి నంబరు చదవలేనివాళ్ళు దేశం ఏలతారట!" కానీ పార మాత్రం లాక్కోలేదు. సాయం అయితే వద్దనొచ్చు. పొరపాటుని ఏమంటాం?

ఎల్డెన్‌ని మాత్రం వదల్లేదు. "నువ్వు ఏదో ఒకటి తేల్చి చావరాదా? నీ మూలాన నా ఇంటి ముందు తిరనాళ్ళయిపోయింది."

"ఆలోచిస్తున్నా థెల్మా" అని ఆమె చిక్కుడుగింజల కూర ఇంకో గరిటె వడ్డించుకునేవాడు.

ప్రైమరీ రోజు రానే వచ్చింది. కోలెట్ కారు దిగింది. దారి చూసింది, మెట్లు చూసింది, కప్పుదాకా నిండిన కట్టెల కొట్టం చూసింది. అయినా నమ్మకం కుదరలేదు.

"ఇదంతా ఎవరు చేశారత్తా?"

"దారి తప్పినవాళ్ళు" అంది థెల్మా. "పద, ఓటుకి ఆలస్యమవుతోంది."

టౌన్‌హాలు కిటకిటలాడుతోంది. థెల్మా ఓటు వేసి, బల్ల మీద కూర్చుని కాఫీ తాగుతుంటే ఒంటిగంట కొట్టింది. ఆరోజు రాలేనివాళ్ళు ముందుగానే ఓటు వేసి పంపిన కవర్లు ఓటింగు పెద్ద వాల్డో తీశాడు. ఆక్షేపణ ఉన్నవాళ్ళు చెప్పుకోవడానికి ఒక్కొక్క పేరూ గట్టిగా చదవడం అక్కడి ఆనవాయితీ.

"ఎల్డెన్ ప్రెస్కాట్!"

తమ అభ్యర్థుల తరఫున ఆ ముగ్గురూ పొద్దుటి నుంచీ హాల్లోనే ఉన్నారు. ఎర్ర టోపీ పిల్ల చేతిలో బిస్కెట్ జారిపోయింది. "ఎవరూ?"

"ఎల్డెన్. ఇవాళ కాంకర్డ్‌లో కంటి ఆపరేషన్ చేయించుకుంటున్నాడు. ఈ కవరు వచ్చి మూడు వారాలయింది."

"మూడు వారాలా?" పచ్చ కోటు మనిషి గోడకి ఆనుకున్నాడు. "మొన్న ఆదివారం కూడా సర్వేలో తేల్చుకోలేదన్నాడే! నేను మంచు ఎత్తింది..."

"నేనూ ఎత్తాను" అన్నాడు గడ్డం ఆయన.

"నాతో ఏమన్నాడో తెలుసా?" ఎర్ర టోపీ పిల్లకి నవ్వాగడం లేదు. "'మా పక్కింటావిడ దారి ఎవరు బాగా తీస్తారో చూసి తేల్చుకుంటా. ఇల్లు తప్పామని చెప్పండి. సాయమని తెలిస్తే పారతో కొడుతుంది' అన్నాడు!"

"మాకూ అదే చెప్పాడు!" అన్నారు మిగతా ఇద్దరూ.

అప్పుడు చూశారు, బల్ల మీద కూర్చున్న థెల్మాని. థెల్మా ముఖం ఎర్రగా కందిపోయింది. చేతికర్ర గట్టిగా పట్టుకుంది. అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

కోలెట్ మెల్లగా అంది. "వీళ్ళంతా రేపు ఇంకో రాష్ట్రానికి పోతారత్తా. చలికాలం ఇంకా రెండు నెలలుంది."

"మేం లేమూ?" అన్నాడు వాల్డో కవరు చేతిలో పట్టుకునే. "ఊరంతా ఉంది థెల్మా. నువ్వు ఊఁ అనాలిగానీ."

థెల్మా కప్పులోని కాఫీ మొత్తం తాగింది. అడుగున ఏమీ మిగల్లేదని చూసుకుంది.

"ఎనిమిదింటికి ముందు రావద్దు" అంది చివరికి. "నాకు నిద్ర చెడుతుంది."

ఆ సాయంత్రం ఎల్డెన్ కంటికి గిన్నెలాంటి ప్లాస్టిక్ మూత కట్టుకుని వచ్చాడు. బరువులెత్తకూడదు, వంగకూడదు, రోజుకి నాలుగుసార్లు చుక్కలు వేయించుకోవాలి. ఆయన చేతులు వణుకుతాయి.

"ఎవరు వేస్తారు?" అంది కోలెట్.

"ఇంకెవరు? నాషువా నుంచి నువ్వు రోజూ వస్తావా ఏం?" థెల్మా అప్పటికే చుక్కలమందు లాక్కుంది. కోలెట్ నవ్వి కారు తాళాలు తీసుకుంది, ఒంటరిగా వెళ్ళడానికి.

"కదలకు, ముసలి మోసగాడా" అంది థెల్మా.

"తిట్టి వేస్తావా, వేసి తిడతావా?"

ఇంతలో ఎల్డెన్ ఫోను మోగింది. థెల్మా ఒక చేత్తో ఆయన గడ్డం పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో ఫోను తీసింది.

"నమస్తే మేడమ్, ఓటు వేసినవాళ్ళ మీద చిన్న సర్వే. ఎల్డెన్ గారు ఎవరికి వేశారో..."

"ఎవరికి వేశాడో నాకు తెలీదమ్మా. ఇన్నాళ్ళూ ఎందుకు తేల్చుకోలేదో మాత్రం ఇవాళే తెలిసింది. చెప్తాను, రాసుకో."

"దానికి మా దగ్గర గడి లేదండీ."

"అయితే ఒకటి గీసుకో" అంది థెల్మా.