శుక్రవారం వాయిదా

రావులపాలెం మార్కెట్ నుంచి కాకినాడకు అరటి గెలలు తోలే చిన్న వ్యాను ఉండేది మాకు. నడిపేది మా ఆయన. ఆ ఏడు ఇన్సూరెన్సు ప్రీమియం ఒక్కసారిగా కట్టే శక్తి లేక ఫైనాన్సులో తీసుకున్నాం. ముందు మొత్తం వాళ్లు కట్టేస్తారు, మేం నెలనెలా వాయిదాలు తీర్చాలి. వసూలుకొచ్చే ఏజెంటు మా వీధి చివర ఉండేవాడే. నన్ను నోరారా అక్కా అని పిలిచేవాడు. ఆ పిలుపు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

నాలుగో వాయిదా గడువు శుక్రవారం పడింది. శుక్రవారం ఇంట్లోంచి డబ్బు బయటికిస్తే లక్ష్మి వెళ్లిపోతుందని మా అత్తగారి పట్టు. అయినా డబ్బు చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. అరుగు మీద అత్తగారు గట్టిగా దగ్గారు. ఏజెంటు నవ్వాడు.

"శుక్రవారం పూట తియ్యకండక్కా. సోమవారం ఇచ్చినా సరిపోద్ది. ఆఫీసులో నేను చెప్పుకుంటాను కదా!"

సోమవారం ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. ఈలోపే గడువు దాటిందని ఫైనాన్సు వాళ్లు పాలసీ రద్దు చేయించారు. నా డబ్బు పాత బాకీ కింద జమ వేసుకున్నారు. రద్దు కాగితం మాకిమ్మని వాడి చేతికే ఇచ్చారట. వాడు ఇవ్వలేదు.

పక్షం తిరక్కుండా వ్యాను కాలవలో బోల్తా పడింది. మా ఆయన కుడికాలు నుజ్జయింది. క్లెయిముకు వెళితే అసలు పాలసీయే లేదన్నారు. మేనేజరు ముందే వాణ్ణి నిలదీశాను.

"నేనలా అన్లేదు సార్. శుక్రవారమని వాళ్లే ఇవ్వలేదండి" అన్నాడు.

కౌంటర్లో ఉన్నవాళ్లు నవ్వారు. నేను ఏడవలేదు. వీణ్ణి మాత్రం వదలకూడదు అనుకున్నాను.

వ్యాను తుక్కు కింద పోయింది. మా ఆయన ఇప్పుడు మార్కెట్లో స్టూలు మీద కూర్చుని గెలల లెక్క రాస్తాడు.

నేను వీధిలో ఆడవాళ్లతో చీటీ నడుపుతాను. రెండేళ్ల తర్వాత ఆ ఏజెంటు భార్య చేరతానంటే సరేనన్నాను. నీకేమైనా మతిపోయిందా అన్నారు చుట్టుపక్కల వాళ్లు. ఏదో ఒకరోజు వాడి అవసరం నా గుమ్మానికి వస్తుందని నా ఆశ. పాట పాడుకున్న వారంలోపు డబ్బివ్వాలని మా చీటీ నియమం.

కిందటేడు ఒక బుధవారం వాడి భార్య పాట పాడుకుంది. శుక్రవారం పొద్దున్నే వాడే వచ్చాడు. స్థలానికి అడ్వాన్సు ఇచ్చాడట. సాయంత్రంలోగా మిగతాది కట్టకపోతే అగ్రిమెంటు రద్దు, అడ్వాన్సు కూడా రాదు.

డబ్బు బీరువాలోనే ఉంది.

"ఇవాళ శుక్రవారం కదా తమ్ముడూ! సోమవారం ఇచ్చినా సరిపోద్ది."

వాడి మొహం పాలిపోయింది. చేతులు జోడించాడు. కడుపునిండా పాయసం తిన్నంత తృప్తిగా ఉంది నాకు. ఎందుకు దాచుకోవాలి?

అప్పుడు లోపల్నుంచి అత్తగారు అన్నారు. "ఇచ్చెయ్యవే పాపం. చీటీ డబ్బు మనది కాదు కదా. పరాయి సొమ్ముకి శుక్రవారమేంటి?"

నేను కదల్లేదు. వాడు కాళ్లీడ్చుకుంటూ వెళ్లిపోయాడు. ఆ సాయంత్రమే వాడి అడ్వాన్సు పోయింది. సోమవారం వాడి భార్యకు డబ్బిచ్చి, తేదీ వేయించి మరీ సంతకం పెట్టించుకున్నాను.

కానీ ఆ శుక్రవారం, వాడు గేటు దాటగానే అత్తగారి వైపు తిరిగాను.

"ఆ రోజు నా చేతిలో ఉన్న వాయిదా డబ్బు మాత్రం మనదా అండీ?"

మార్కెట్‌కు బయల్దేరిన మా ఆయన గోడ పట్టుకుని చేతికర్ర కోసం వెతుక్కుంటున్నాడు. అత్తగారే లేచి వెళ్లి కొడుకు చేతికి అందించారు.