మా మామ కలిపిన తూటా మైనం

మామ పోయాడని ఫోన్ వచ్చేసరికి నేను కోట్‌పల్లిలో మా తల్లిగారింట్లో ఉన్నాను. పొద్దున గొర్రెలను తోలి వచ్చి, అరుగు మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయాడట. కడసారి ఇన్ని నీళ్లు పోసే భాగ్యం కూడా నాకు దక్కలేదు.

పెద్దేముల్ పక్కన మా ఊళ్లో పటేల్‌కు లైసెన్సున్న పాత తుపాకీ ఉంది. మక్కచేలల్లో అడవిపందులు పడకుండా ఉంచుకున్నది. గొట్టం మూతిలోంచి సీసం గుండు దట్టే రకం. ఆ గుండుకు చుట్టే గుడ్డకు పూసే మైనం మా మామే చేసేవాడు. తేనెమైనం, గొర్రె కొవ్వు, కాస్త ఆముదం, అంతే. సన్నటి మంట మీద కరిగించి, చల్లారాక పైన బొటనవేలు ఒత్తేవాడు. ముద్ర నిలిస్తే కుదిరినట్టు. మైనం కోసం తేనెపట్టు మొత్తం ఎప్పుడూ కోయడు. "ఈగలకు గూడ ఇల్లుండాలె గద బిడ్డా" అనేవాడు.

నేను కాపురానికొచ్చిన ఏడు, మైనానికి కొవ్వు తక్కువైంది. మామ గొర్రెల వెంట వెళ్లినప్పుడు నా తెలివంతా వాడాను. పండుగకు కోసిన యాట కొవ్వు ఇంట్లో ఉంటే తెచ్చి గిన్నెలో వేశాను. నిలవ ఉండాలని దానికి ఉప్పూ పసుపూ పట్టించి పెట్టారు. మైనమూ పసుపురంగే కదా, తేడా కనబడలేదు. ఉప్పు ఇనుమును తింటుందని నాకేం తెలుసు? వానాకాలం దాటేసరికి తుపాకీ గొట్టం లోపలంతా తుప్పు.

పటేల్ మా వాకిట్లోకొచ్చి నలుగురి ముందు మామను కడిగేశాడు. నేను తలుపు చాటున నిలబడ్డాను. మామ ఒకసారి నా వైపు చూసి, "నాదే తప్పు పటేలా. కండ్లు సక్కగ కానొస్తలేవు" అన్నాడు. సూదిలో దారం ఎక్కించగల కళ్లు అవి! ఆ తర్వాత పటేల్ పట్నం నుంచి మైనం డబ్బా తెప్పించుకున్నాడు. మామను మళ్లీ ఎవరూ అడగలేదు. నేను చెప్పబోయినప్పుడల్లా, "జర గా పొయ్యి సూడు, మాడుతున్నది" అని మాట మళ్లించేవాడు. అయినా ఏటా మైనం కలిపేవాడు, మా పగిలిన మడమలకని.

పదో దినం నాడు పటేల్ వచ్చాడు. ఇంక ఆగలేక, అందరూ వింటుండగానే చెప్పేశాను, ఉప్పు కొవ్వు వేసింది నేనని. ఏడుపు ఆగలేదు.

"ఆయన చేసింది ఇంకేమన్న ఉన్నదా బిడ్డా?" అని పటేల్ మెల్లగా అడిగాడు.

ఈ ఏడు కలిపిన గిన్నె తెచ్చి ముందు పెట్టాను. వేలు పెట్టబోయి ఆగాడు. మైనం నడుమ మామ బొటనవేలి ముద్ర, గీతలతో సహా. పటేల్ అంచున గోటితో కొంచెం గీకి, జేబురుమాలులో చుట్టుకొని వెళ్లాడు.

ఇప్పుడు నా మడమలకు నేనూ అంచునుంచే తీసుకుంటున్నాను.