హనుమండ్లు పెట్టిన సన్న గీత

హుజూరాబాద్‌ల జమ్మికుంట రోడ్డు మీద ట్రాక్టర్ మెకానిక్ హనుమండ్లు అంటే ఎరుకలేనోళ్లు లేరు. పని మంచిగ చేస్తడని కాదు, ఆలస్యం చేస్తడని ఎరుక.

ఇంజన్ అడుగున ఆయిల్ నిలువ ఉండే తొట్టిని చాంబర్ అంటరు. దాన్ని ఊడదీసి మళ్ల బిగించేటప్పుడు ఆయిల్ కారకుంట నడుమ సిలికాన్ పేస్టు పెట్టాలె. వేరే మెకానిక్‌లకు అది పది నిమిషాల పని. హనుమండ్లుకు ఒక దినం. ముందుగాల పాత పేస్టు పొట్టంత గీకుతడు, అంచుకు గాటు పడకుంట, పసిపిల్ల గోర్లు తీసినట్టు. పెట్రోల్ గుడ్డతోని తుడుస్తడు. ఎవ్వలన్న వేలు పెడితే మళ్ల తుడుస్తడు. అప్పుడు ట్యూబు మూతి కొసకు కోసి, ఊపిరి బిగవట్టి, సేమియా అంత సన్నగ ఒక్కటే గీత గీస్తడు. బోల్టు తొర్ర వస్తే లోపలి దిక్కు నుంచి తిప్పుకొస్తడు. గీత షురువైన కాడనే వచ్చి కలువాలె, నడుమ తెగొద్దు. బోల్టులు ఉత్త వేళ్లతోని తిప్పి గంటసేపు కూసుంటడు. పేస్టు జర గట్టివడ్డంక పానాతోని బిగిస్తడు. ఆయిల్ తెల్లారే పోస్తడు.

ఇంత చేసినంక బయటికి ఏం కనవడది. గదే ఆయన గొప్ప, గదే ఆయన కొంప ముంచింది.

ఎందుకంటే ఎదురుంగ ఓంప్రకాశ్ కొత్త షాపు పెట్టి, 'ఇంజన్ డాక్టర్' అని బోర్డు రాయించిండు. ఆయన ఎర్ర పేస్టు ట్యూబును బట్టలు పిండినట్టు పిండుతడు. చాంబర్ బిగిస్తే నాలుగు దిక్కుల పొంగి బయటికొస్తది, పాన్ నమిలిన పెండ్లికొడుకు మూతి లెక్క. రైతులు వంగి సూసి మురిసిపోతరు. చేయించిన పని కండ్లకు కనవడాలె గదా.

హనుమండ్లు అక్కను చేసుకున్న బావ కైలాసం. ఊళ్లె పెద్ద నోరు. కైలాసం ట్రాక్టర్ ఏ షాపుకు పోతే ఊరి ట్రాక్టర్లన్ని గా షాపుకే. నాట్ల ముంగట ఆయన బండికి చాంబర్ కాడ ఆయిల్ కారవట్టింది. వచ్చిండు.

"గిది రేపు ఇస్త బావ," అన్నడు హనుమండ్లు.

"రేపా? నేను చెప్పింది చాంబర్ బిగించమని. పిల్లకు సంబంధం సూడమని కాదు."

"పేస్టు ఆరాలె బావ."

"ఏ పేస్టు? పోయినసారి మా తమ్ముని బండికి పెట్టిన అన్నవ్. టార్చి కొట్టి సూసినం, గీంతన్న కనవడలే."

"అది లోపల ఉంటది."

"లోపల ఉంటే నాకెట్ల తెలుస్తది? దేవుడా ఏంది, ఉన్నడని నమ్మనీకి?"

కైలాసం బండి తిప్పి, రోడ్డు దాటి, ఓంప్రకాశ్ షాపుల పెట్టిండు. ఒక్క గంటలనే బండి బయటికొచ్చింది. పొంగిన పేస్టును ఫోటో తీసి ఊరి వాట్సాప్ గ్రూపుల ఏసి, 'పని అంటే గిది' అని రాసిండు. వారం దినాలల్ల హనుమండ్లు షాపు ముంగట కుక్క తప్ప ఏం ఆగలే. ఇట్లనే ఉంటే షట్టర్ దించుడే అని ఆయనకు గుబులు పట్టుకున్నది.

భార్య స్వరూప షాపు పక్కకే ఇంటి అరుగు మీద బీడీలు చేస్తది. చాట ఒళ్లె పెట్టుకోని అన్నది: "నా బీడీకి తంబాకు బయటికొస్తే కార్ఖానల పక్కకు తీసి పారేస్తరు. నీ కాడనేమో పేస్టు బయటికి రాకుంటే పారేస్తుండ్రు. మనిద్దరం పనులు మార్చుకుందామా?"

హనుమండ్లు నవ్వలే.

ఇరవై దినాలకు కైలాసం బండి మీటర్ కాడ ఆయిల్ బుగ్గ బల్బు ఎర్రగ ఎలిగింది. పొంగిన పేస్టుకు ఊరి దిష్టి తగిలిందని ఆయన నిమ్మకాయ, మిరపకాయలు కట్టిండు. బుగ్గ ఆరలే. తెల్లారి ఇంజన్ కటకట కొట్టుకునే సరికి భయపడి బందు చేసిండు. ఓంప్రకాశ్ కాడికి పోతే, "కొత్త ఇంజన్ ఏసుకో కాకా" అన్నడట. ఇగ తాడు కట్టి గుంజుకొచ్చి, మొఖం అటు తిప్పుకోని, బామ్మర్ది షాపుల పెట్టిండు.

హనుమండ్లు చాంబర్ ఇప్పిండు. ఆయిల్ పీల్చుకునే పైపుకున్న జల్లెడ లెక్కటి జాలి నిండ ఎర్ర పేస్టు ముక్కలు, వానపాముల లెక్క.

"బయటికి ఎంత పొంగిందో లోపలికి గంతే పొంగింది బావ. ఆ ముక్కలు తెగి జాలిని మూసినయ్. ఇంజన్‌కు ఆయిల్ అందలే. ఇంకో రెండు సాల్లు దున్నుంటే క్రాంకు కూడ పోతుండె. బేరింగులతోనే బయటపడ్డవ్."

కైలాసం ఆ ముక్కలను అరచేతుల పెట్టుకోని అటిటు తిప్పి సూసిండు.

"అంటే తప్పు లోపలి పేస్టుది. బయటి పేస్టు మంచిదే గదా," అన్నడు.

హనుమండ్లు బేరింగులు మార్చి, గీకి, తుడిచి, సేమియా గీత గీసిండు. గంట ఆగిండు, బిగించిండు. కైలాసం ఈసారి తొందర పెట్టకుంట స్టూలు మీద కూసున్నడు. తీరా అయినంక చెవుల అన్నడు: "బామ్మర్ది, ఊళ్లె ఇజ్జత్ పోతది. బయటి దిక్కు అంచుకు జరంత ఎర్రగ పెట్టు."

"ఎందుకు? దాంతోని ఏం లాభం లేదు."

"నష్టం ఉన్నదా?"

హనుమండ్లు గొణుక్కున్నడు. అరుగు మీద నుంచే స్వరూప అన్నది: "పెట్టయ్యా. అన్న అడుగుతుండు గదా. బయటిది జాలిలకైతే పోదు. రేపు షట్టర్ లేవాల్నా వద్దా?"

హనుమండ్లు ట్యూబు తీసిండు. పెట్టిండు గని, చెయ్యి ఊకుంటదా? వంకర పోయిందని రెండుసార్లు తుడిచి, అతుకు కాడ చీర అంచు లెక్క సమంగ వచ్చేదాక ఒదల్లే. లోపలి గీత కంటె బయటి గీతకే ఎక్కువ సేపు పట్టింది.

కైలాసం మళ్ల ఫోటో ఏసిండు. మూడు దినాలల్ల నాలుగు ట్రాక్టర్లు వరుసగ ఆగినయ్. అందరిది ఒక్కటే మాట: గా అంచు మాక్కూడ పెట్టాలె. ఆరేదాక రేపటికి ఆగుతం అని కూడ అన్నరు, ఎర్రది ఆరాలె గదా అని.

వరుస సూడనీకి వచ్చిన కైలాసం పోంగ పోంగ భుజం తట్టిండు.

"షాపు పెట్టిన ముప్పై ఏండ్లకు పని నేర్సుకున్నవ్ బామ్మర్ది."

హనుమండ్లు ట్యూబుకు మూత పెట్టి, చాంబర్ మీద వేలు పెట్టిన రైతును పక్కకు జరగమని, మళ్ల తుడువనీకి పెట్రోల్ గుడ్డ తీసుకున్నడు.