రేకుల కప్పు మీద జీగ్

ఇది తరతరాల పగతో సాగే మహాకావ్యం అని మొదలుపెడదామనుకున్నాను. నిజానికి జరిగింది ఇరవై నిమిషాలే. అందులో పది, జనం చెప్పులు వెతుక్కోవడానికే పోయాయి.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. మా గోదావరిఖనిలో మూడు షిఫ్టుల జనం తిరుగుతూనే ఉంటారు. దయ్యానికి ఏకాంతం ఎక్కడిది?

మా తాత సమూయేలు బొగ్గు గనిలో పనిచేసి రిటైరయ్యారు. గని కప్పును కర్రతో తట్టి చూడటం ఆయన డ్యూటీ. గట్టిగా మోగితే పని చేసుకోవచ్చు. గుల్లగా మోగితే మారు మాట్లాడకుండా బయటికి నడవాలి.

ఆదివారాలు చర్చిలో కాళ్లతో తొక్కే హార్మోనియం వాయించేవారు. ఆరాధన ముగిశాక జీగ్ ఎత్తుకునేవారు. మూడు వందల ఏళ్ల కిందట యూరప్ వాళ్లు గెంతుతూ ఆడిన నాట్యం, దాని బాణీ. చిన్నప్పుడు ఎవరో దొరసాని టీచర్ నేర్పారట. టకిట టకిట అని మూడేసి దెబ్బలతో పరిగెత్తుతుంది.

కొత్తగా వచ్చిన పాటల మాస్టారు మోజెస్ ఒక ఆదివారం జీగ్ మధ్యలో హార్మోనియం మూత వేసేశారు. తాత వేళ్లు ఇంకా లోపలే ఉన్నాయి.

"దేవుని మందిరంల గీ ఎగురుడు పాటేంది కాకా? లెవ్వు, కీబోర్డు వస్తాంది."

తాత వేళ్లు ఊదుకున్నారు. "నా పాట సగంల ఆపినవ్ బిడ్డా. అది పూర్తయ్యేదాక నీది సాగనియ్య."

మళ్లీ హార్మోనియం ముట్టలేదు. వానాకాలంలో పోయారు.

క్రిస్మస్ ఉదయం మాస్టారు కీబోర్డు ముందు కూర్చుని సొంతంగా రాసిన పాట ఎత్తుకున్నారు. రెండో లైనులో రేకుల కప్పు మీద చప్పుడు. టకిట టకిట. ఆయన ఆపితే ఆగింది. ఎత్తుకుంటే మొదలైంది. మూడోసారి సరిగ్గా ఆయన నెత్తి మీదే, ఇంకా కసిగా. నాకు భయం కన్నా ముందు సంతోషం వేసింది. చర్చిలో చెప్పుకోదగిన రకం కాదు.

ముందు వరుసలోని రాజయ్య కాక, ఆయనా గని మనిషే, చటుక్కున లేచారు.

"కప్పు గుల్లగ మోగుతాంది. నడువుండ్రి జల్ది!"

రిటైర్డ్ కార్మికులందరూ లేచారు. వాళ్ల వెనక కుటుంబాలు. ముప్ఫై ఏళ్ల అలవాటు మరి.

"గనిల లేం కాకా, ఇవి ఉత్త రేకులే!" అని మాస్టారు మైకులో మొత్తుకున్నారు.

"రేకైనా బొగ్గైనా పడేది నెత్తి మీదనే గదా," అంటూ కాక చెప్పులు వేసుకున్నారు.

బయటి నుంచి చూశాం. కప్పు మీద కోతి లేదు, కొమ్మ లేదు, మనిషి లేడు. లోపల మాస్టారు పంతానికి పాడుతూనే ఉన్నారు. పైన మోగుతూనే ఉంది.

నేను లోపలికి వెళ్లి హార్మోనియం మూత తీశాను. ఆయన పరువు కోసం కాదు, తాత పాట కోసం. తాత పక్కన కూర్చుని చూసి నేర్చిన జీగ్‌ను ఘోరంగా, కానీ చివరి స్వరం దాకా వాయించాను. చప్పుడు ఆగిపోయింది.

"అయిపోయిందా తమ్మీ?" అన్నారు మాస్టారు, చెమట తుడుచుకుంటూ.

"అయిపోయింది సార్. ఇగ మీది పాడుండ్రి."

పాడటానికి అడ్డేమీ లేదు. వినడానికే ఎవరూ లేరు. ఆయన నోరు తెరిచి, ఖాళీ బెంచీలు చూసి, మూసుకున్నారు.

మర్నాడు రేకులన్నీ విప్పి చూశారు. పగులు లేదు, ఒక్క బోల్టూ వదులు కాలేదు. అదేమిటో నేను ఇప్పటికీ చెప్పలేను.

మాస్టారు శ్రీరాంపూర్‌కు బదిలీ చేయించుకున్నారు. అక్కడి చర్చికి సిమెంటు స్లాబు.