స్టేడియం జాగా, మా అన్న పొలం

నేను పట్నంలో ఒక యూనివర్సిటీలో భూగోళశాస్త్రం చెప్పేదాన్ని. ఇల్లు పటాన్‌చెరులో. పొద్దున బస్సెక్కి వెళ్ళడం, సాయంత్రం బస్సు దిగి వంటింట్లోకి దూరడం, ఇదే నా దినచర్య. మా పుట్టిల్లు ముత్తంగి పక్కన ఒక చిన్న ఊరు. నాన్న పోయాక అక్కడి పొలం అన్న చూసుకుంటున్నాడు. అన్న నాకంటే బాగా పెద్దవాడు. నన్ను హైస్కూలుకు సైకిల్ మీద దింపిందీ, పైచదువులకు పంపమని నాన్నతో కొట్లాడిందీ ఆయనే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా యూనివర్సిటీ పెద్దలకు ఫుట్‌బాల్ స్టేడియం కట్టాలన్న ఆలోచన వచ్చింది. అప్పటిదాకా మా పిల్లలు హాస్టళ్ళ వెనుక గులకరాళ్ళ మైదానంలో మోకాళ్ళు చెక్కుకుపోయేలా ఆడేవాళ్ళు. అక్కడే కట్టాలని కొందరు. అక్కడ కడితే హాస్టల్లో చదువు సాగదు, చెట్లన్నీ పోతాయని ఇంకొందరు. పట్నం బయట బొంబాయి రోడ్డు మీద చవగ్గా జాగా దొరుకుతుందని మరికొందరు. వాదన ఎటూ తేలక నలుగురితో కమిటీ వేశారు. ఇంజనీరింగ్ ప్రొఫెసర్ ఒకాయన అధ్యక్షుడు. ఆటల డైరెక్టరు, అర్థశాస్త్రం లెక్చరరు, నేను సభ్యులం. నేల గురించి తెలిసినదాన్నని నన్ను వేశారనుకున్నాను.

"అందుకేం కాదు మేడమ్. మీ ఊరు అటువైపే కదా," అన్నాడు అర్థశాస్త్రం లెక్చరరు మొదటిరోజే, టీ గ్లాసులో ఊదుకుంటూ. నవ్వుతూనే అన్నాడు. కానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు.

జాగాలు చూడ్డానికి ఒక శనివారం యూనివర్సిటీ జీపులో బయల్దేరాం. మొదట గడ్డపోతారం వైపు పోయాం. అక్కడ సర్కారు భూమి ఉందని ఎవరో చెప్పారట. జీపు దిగీదిగగానే మందుల ఫ్యాక్టరీల వాసన గొంతులో పట్టుకుంది. ఆటల డైరెక్టరు కర్చీఫు ముక్కుకు అడ్డం పెట్టుకుని, "ఇక్కడ తొంభై నిమిషాలు పరిగెత్తించమంటారా పిల్లల్ని?" అన్నాడు. తిరిగి జీపెక్కాం.

ముత్తంగి దగ్గర జీపు పెద్ద రోడ్డు దిగి మట్టిబాట పట్టేదాకా రెండో జాగా ఎక్కడో నాకు తెలియదు. ఆ బాటలో నేను చెప్పుల్లేకుండా తిరిగినదాన్ని. "సార్, ఇటెందుకు?" అన్నాను. అధ్యక్షుడు మ్యాపు మీంచి తల ఎత్తకుండానే, "ఇక్కడంతా చదునుగా ఉందట, రోడ్డుకు దగ్గర," అన్నాడు.

జీపు వెళ్ళి ఆగింది సరిగ్గా మా పొలం గట్టు పక్కన. అన్న మక్క చేలో నీళ్ళు మలుపుతున్నాడు. పార భుజాన వేసుకుని గట్టెక్కి వచ్చాడు.

"ఎవరు సార్ మీరు? ఏం పని?" అన్నాడు. అప్పుడు వెనక సీట్లో నన్ను చూశాడు.

నేను దిగాను. "అన్నా, నాకూ ఇప్పుడే ఎర్కయింది, గీడికొస్తున్నమని," అన్నాను. అన్న నావైపు చూడలేదు. మ్యాపు వైపు చూస్తున్నాడు.

"స్టేడియం కోసం జాగా చూస్తున్నామండీ. ఊరికే చూస్తున్నాం, అంతే," అన్నాడు అధ్యక్షుడు. తర్వాత నావైపు తిరిగి, "మీకు తెలిసినవాళ్ళా?" అని అడిగాడు.

"మా అన్న."

అర్థశాస్త్రం లెక్చరరు, అధ్యక్షుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తిరుగు ప్రయాణంలో జీపులో ఎవరూ నాతో మాట్లాడలేదు. ఆ సాయంత్రం మా ఆయనతో అంతా చెప్పాను. ఆయన విని, "వాళ్ళకు నిజంగా తెలీకనే తీస్కపోయిన్రా?" అన్నాడు. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. అంత పెద్ద మండలంలో మా పొలమే ఎందుకు కనబడింది? నాకు కష్టమొచ్చేలా ఎవరైనా కావాలనే చేశారా? లేక నేనుంటే ఆ భూమి దొరకడం సులువవుతుందని నన్ను కమిటీలో వేశారా?

రెండు వారాలు గడవకముందే అన్న మా ఇంటికి వచ్చాడు. ఎప్పుడొచ్చినా మక్కకంకులో, టమాటలో సంచిలో తెచ్చేవాడు. ఆ రోజు చేతులు ఊపుకుంటూ వచ్చి, గుమ్మంలోనే నిలబడ్డాడు.

"పొలంల రాళ్ళు పాతిన్రు. సున్నం గూడ ఏసిన్రు, నడిమిట్లకెల్లి," అన్నాడు.

"ఎవరు?"

"నన్నడుగుతవేందే? నువ్వు సూపిచ్చి పోయినంకనే గద పాతింది."

"నేను సూపియ్యలే అన్నా. నాకు గూడ జెప్పకుండనే తీస్కొచ్చిన్రు."

"సదువుకున్నదానివి. నిన్ను ఎవరో ఎత్కపోయినట్టు జెప్తున్నవ్." గొంతు తగ్గించాడు. "నీకు వాటా గావాల్నంటే నన్నడుగు. గిట్ల సర్కారోళ్ళను ఎంటేస్కొని రావుడేంది?"

వాటా మాట మా ఇంట్లో అప్పటిదాకా ఎవరి నోటా రాలేదు. ఆడపిల్లలకూ హక్కుందని అందరికీ తెలుసు. ఎవరూ అనలేదు, అంతే. ఆయన ఆ మాటను ఎన్నాళ్ళుగా మనసులో మోస్తున్నాడో నాకు ఆ నిమిషంలో తెలిసింది. చాయ్ పెట్టాను. తాగకుండానే వెళ్ళిపోయాడు.

మర్నాడు అధ్యక్షుడి గదికి వెళ్ళి రాళ్ళ సంగతి అడిగాను. "మేం ఎవరినీ పంపలేదు మేడమ్. ఇంకా మన రిపోర్టే రాయలేదు," అన్నాడు. నేను నమ్మలేదు. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "మీవాళ్ళే ఎవరైనా ముందుచూపుతో కొలిపించుకున్నారేమో," అన్నాడు. ఆయనా నన్ను నమ్మడం లేదని అర్థమైంది.

ఆ నెలాఖరున కమిటీ చివరిసారి కూర్చుంది. స్టేడియం హాస్టళ్ళ వెనుకే కట్టాలని, పండే భూమి జోలికి పోవద్దని నేను గట్టిగా చెప్పాను. అర్థశాస్త్రం లెక్చరరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"మేడమ్ కావాలన్నా అనుమానమే, వద్దన్నా అనుమానమే. వద్దంటే ధర పెరుగుతుంది కదా," అన్నాడు.

"నన్నెందుకు వేశారు మరి కమిటీలో?" అన్నాను.

అప్పటిదాకా నోరు తెరవని ఆటల డైరెక్టరు విసుక్కున్నాడు. "సార్, సాయంత్రం క్లాసులయ్యాక నా పిల్లలు ముత్తంగి దాకా బస్సులో పోయి ఆడి, చీకటి పడ్డాక మళ్ళీ పట్నం వస్తారా? ఒక్కడూ రాడు. ఇందులో మేడమ్ అన్న ఎవరో, చెల్లెలు ఎవరో నాకనవసరం." నిర్ణయం మాత్రం ఆ రోజూ జరగలేదు. ఫైలు పైకి పంపుతామన్నారు.

నాకు నిద్ర పట్టడం లేదు. సెలవు పెట్టి ఊరికి వెళ్ళాను. వదినె గడప దగ్గరే, "ఆయన నీతోని మాట్లాడడు. అయినా అడిగి సూడు," అంది. నేను అన్నతో ఒకటే మాటన్నాను: "నాతోని మండలాఫీసుకు రా. గా రాళ్ళెవరియో నువ్వే అడుగు." వచ్చాడు. ఆటోలో ఆ కొసన ఒకరం, ఈ కొసన ఒకరం కూర్చున్నాం.

మండలాఫీసులో సర్వేయరు మా సర్వే నంబరు, స్టేడియం మాట విని తలెత్తాడు. "స్టేడియమా? ఏం స్టేడియం? ఇది రోడ్డు. పట్నం సుట్టూత పెద్ద రోడ్డు వస్తున్నది. మీ ఊరి మీదకెల్లే పోతది."

బయటికి వచ్చాక అన్న వేపచెట్టు కింద ఆగి నావైపు తిరిగాడు. ఇప్పటికైనా ఒక మంచిమాట అంటాడని చూశాను.

"గీ రోడ్డు సంగతి నీకు ముందుగాల్నే ఎర్కనా?" అన్నాడు.

"లేదన్నా."

"నక్షలన్నీ సదువుతవ్ గద."

ఇద్దరం బస్‌స్టాపు దాకా నడిచాం. దారిలో ఆయన ఒక్కసారి మాత్రం, "ఎండల తిప్పిన నిన్ను," అన్నాడు. అది క్షమాపణో కాదో నాకు ఇప్పటికీ తెలియదు.

స్టేడియం కట్టనే లేదు. కొన్నేళ్ళకు హాస్టళ్ళ వెనుక మైదానాన్నే చదును చేసి, ఒక పక్క సిమెంటు మెట్లు కట్టి, అదే చాలన్నారు. రోడ్డు మాత్రం వచ్చింది. మా పొలంలో సగానికి పైగా పోయింది. నష్టపరిహారం కాగితాల మీద ఇంటి ఆడబిడ్డగా నా సంతకం కూడా కావాలన్నారట. ఆ మాట చెప్పడానికి అన్న రాలేదు, వదినెను పంపాడు. నేనే ఊరికి వెళ్ళి, ఆయన ఎదుటే కూర్చుని, చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాను. ఏమీ అడగలేదు. ఆయన ప్రతి సంతకాన్నీ వంగి చూశాడు.

ఆ తర్వాత హత్నూర వైపు కొంత భూమి కొనుక్కుని అక్కడ సేద్యం చేస్తున్నాడు. పండగలకు పిలుస్తాడు, చీర పెడతాడు, పిల్లల చదువులడుగుతాడు. కానీ వరండాలో నలుగురు కూర్చుని భూముల మాటలు మాట్లాడుకుంటున్నప్పుడు నేను మంచినీళ్ళు తీసుకుని వెళ్తే, అన్న మాట మధ్యలోనే ఆపి, వానల గురించి ఎత్తుకుంటాడు.